అడయారు నుంచి వచ్చిన కార్డు

రాజోలు

ప్రియమిత్రమా,

నీ ఉత్తరం అందింది. మన కోనసీమలో క్యాన్సర్ ఆసుపత్రి కట్టాలని పెద్దలు నలుగురు కూడి కమిటీ వేస్తున్నారనీ, స్థలం కూడా చూసి వచ్చారనీ, నన్నూ చేరమని అడగమన్నారనీ రాశావు. చందా ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు. అయితే కొబ్బరితోట ఎకరం ఎంత పలుకుతుంది, భవనం ఎన్ని అంతస్తులు లేపాలి అన్న లెక్కలకే మూడు పేజీలు ఖర్చు చేశావు కానీ, రేపు ఆ భవనంలో ఎవరు కూర్చుంటారన్న విషయం మీద ఒక్క వాక్యమైనా రాయలేదు. అందుకని నీకు విసుగు పుట్టినా సరే, మద్రాసులోని అడయారు క్యాన్సర్ ఆసుపత్రి సంగతి మొదటి నుంచి చెబుతాను.

మా నాయనమ్మను నువ్వు ఎరుగుదువు. లంక పొగాకు చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని, అలాగే కబుర్లు చెబుతూ వరి నాట్లు వేసిన మనిషి. అలా అడ్డపొగ తాగితే గాలికి నిప్పురవ్వ ఎగరదనీ, చంకలో పిల్లవాడి మీద పడదనీ ఆమె వాదన. 1986లో అంగిలి మీద ఒక తెల్లమచ్చ లేచి, చూస్తుండగానే పుండైంది. దగ్గరి పట్టణంలో ఒక డాక్టరు గారు నోటిపూత అని తేల్చి, ఆరు నెలల పాటు విటమిన్ బిళ్ళలు మింగించారు. చివరికి ఎవరో చెప్పగా సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నర్సాపురం, అక్కడి నుంచి భీమవరం చేరి, సర్కార్ ఎక్స్‌ప్రెస్‌లో మద్రాసు వెళ్ళాము. రైలెక్కేటప్పుడు కూడా ఆమె రొంటిన చుట్టల కట్ట దోపుకునే ఉంది.

విచిత్రమేమిటంటే, ఆ ఆసుపత్రి పుట్టుకకు కూడా ఇటువంటి పొరపాటే కారణం. డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి గారి చెల్లెలికి వచ్చిన జబ్బును మొదట జిగట విరేచనాలని పొరబడ్డారు. అది పెద్దపేగు చివర పుట్టిన క్యాన్సర్ అని తెలిసేసరికి ఆలస్యమైపోయి, ఆమె 1923లో కన్నుమూసింది. తానే వైద్యురాలై ఉండి, కళ్ళెదుట చెల్లెలిని పోగొట్టుకున్న ఆ అక్క లండన్ వెళ్ళి అక్కడి క్యాన్సర్ ఆసుపత్రిలో పని నేర్చుకుని వచ్చారు. మద్రాసు శాసనమండలిలో అడుగుపెట్టి, బ్రిటిష్ ఇండియాలో తొలి మహిళా శాసనసభ్యురాలైనా ఈ విషయం మరచిపోలేదు. 1935లో మద్రాసు మెడికల్ కాలేజీ శతవార్షికోత్సవంలో క్యాన్సర్‌కు ప్రత్యేకంగా ఆసుపత్రి కావాలని బయటపెట్టారు. క్యాన్సర్ వచ్చినవాడు ఎలాగూ పోతాడు, వాడికి ప్రత్యేకంగా ఆసుపత్రి దండగ అనుకునే కాలమది. 1949లో భారత మహిళా సంఘం పేరున క్యాన్సర్ సహాయ నిధి మొదలుపెట్టి, చందాలు పోగుచేసి, 1952 అక్టోబరు 10న నెహ్రూ గారి చేత శంకుస్థాపన చేయించేసరికి, చెల్లెలు పోయి ఇరవై తొమ్మిదేళ్ళయింది. మీ కమిటీ రెండేళ్ళలో ప్రారంభోత్సవం అంటున్నది కనుక ఈ లెక్క ప్రత్యేకంగా రాస్తున్నాను.

శంకుస్థాపన నాటికి మన రెండు గోదావరి జిల్లాలూ మద్రాసు రాష్ట్రంలోనివే. 1954 జూన్ 18న ఆసుపత్రి తెరిచేసరికి మనం ఆంధ్ర రాష్ట్రం వాళ్ళమైపోయాము. రాష్ట్రాలు వేరుపడ్డా జబ్బుపడిన మనిషికి దారి మారలేదు; మేము వెళ్ళిన రోజున వరండాలో మా పక్కన కూర్చున్నవాళ్ళు ఆత్రేయపురం వాళ్ళు, ఎదురుగా ఉన్నవాళ్ళు నెల్లూరు వాళ్ళు.

తెరిచిన రోజున అక్కడ ఉన్నవి పన్నెండు పడకలు. ముత్తులక్ష్మీ గారి కుమారుడు డాక్టర్ కృష్ణమూర్తి గారు, ఆయనకు తోడుగా డాక్టర్ శాంత గారు, తొలి ఏళ్ళలో వీరిద్దరే దానికి ఆధారం. శాంత గారు స్త్రీల వైద్యంలో ఎం.డి. చదివి, సర్వీసు కమిషన్ పరీక్ష నెగ్గి, చేతిలో ఉన్న సర్కారు ఉద్యోగాన్ని కాదనుకుని 1955లో అక్కడికి వచ్చేశారు. మూడేళ్ళు జీతం లేకుండా పనిచేసిన తరువాత నెలకు 200 రూపాయలు, ఆవరణలోనే నివాసం ఇచ్చారు. 2021 జనవరిలో, 93 ఏళ్ళ వయసులో పోయేదాకా ఆమె ఆ ఆవరణ విడిచిపెట్టలేదు. మెగసెసే పురస్కారం, పద్మవిభూషణ్ వచ్చాయి సరే. ఆమె అన్నేళ్ళూ వార్డు పక్కనే నిద్రపోయిందన్నదే నాకు పెద్ద సంగతిగా తోస్తుంది.

యంత్రాలు లేవని కాదు. 1957లో కెనడా నుంచి కోబాల్ట్-60 యంత్రం తెప్పించారు. శరీరం లోతున ఉన్న కణితికి పైచర్మం కమిలిపోకుండా కిరణాలు అందించడం దానితో సాధ్యమైంది. తరువాత పిల్లలకు ప్రత్యేక వార్డు పెట్టారు. 1960ల్లో నోటి క్యాన్సర్‌కు కిరణాలూ మందులూ కలిపి ఇచ్చి చూశారు. నాయనమ్మ వంటి వాళ్ళు లక్షల్లో ఉన్న మన ప్రాంతాలకు ఆ పని ఎంత అవసరమో వేరే చెప్పాలా? 1975లో కేంద్రం దానిని ప్రాంతీయ క్యాన్సర్ కేంద్రంగా గుర్తించింది. పడకలు నాలుగు వందలు దాటాయి; వాటిలో సగానికి పైగా ఉచితమో, నామమాత్రపు రుసుమో. మా నాన్నగారు డబ్బు సంచిని పంచెలో మూడు ముళ్ళు వేసి దాచుకుని తీసుకెళ్ళారు కానీ, చాలావరకు మళ్ళీ ఇంటికే తెచ్చారు.

పరిశోధన అనగానే నువ్వు సూక్ష్మదర్శినినీ గాజు గొట్టాలనూ ఊహించుకుంటావు. నేను దాన్ని చూసింది పదిహేను పైసల కార్డులో. చికిత్స పూర్తయి ఇంటికి వచ్చాక, మళ్ళీ చూపించుకోవలసిన తేదీకి వరదల వల్ల వెళ్ళలేకపోయాము. కొన్ని వారాలకు మా ఊరి పేరు, నాయనమ్మ పేరు, ఆమె ఆసుపత్రి నంబరు రాసి ఉన్న కార్డు వచ్చింది. ఎలా ఉన్నారు, ఎందుకు రాలేదు అని. పోస్టుమాన్ మోకాలి లోతు నీటిలో నడిచి దానిని తెచ్చి ఇచ్చాడు. ఏ మందుతో ఏ రోగి ఎన్నేళ్ళు బతికాడన్న లెక్క లేకపోతే ఆ మందు పనిచేసిందో లేదో ఎవరికీ తెలియదు. అందుకే వదలకుండా అడుగుతారు. మద్రాసు నగరంలో ఎవరెవరికి ఏ క్యాన్సర్ వస్తున్నదో నమోదు చేసే పని కూడా 1981లో ఆ ఆవరణలోనే మొదలైంది.

ఆరో ఏట మరో కార్డు వచ్చింది. అప్పటికి నాయనమ్మ పోయి రెండు నెలలు. నాన్నగారు అరుగు మీద కూర్చుని, తమిళం రాదు, ఇంగ్లీషు మీద నమ్మకం లేదు, చివరికి తెలుగులోనే జవాబు రాశారు: ఆమె మాఘమాసంలో గుండెపోటుతో పోయిందనీ, నోట్లో పుండు మాత్రం మళ్ళీ రాలేదనీ, చుట్ట మానేసిందనీ. ఆ మూడో మాట నిజం కాదు. దొడ్లో దాక్కుని తాగేది.

వచ్చే ఆదివారం కమిటీ సమావేశానికి వస్తాను. ఈలోగా ఖర్చుల పట్టీ ఒకసారి అడిగి చూడు. గ్రానైటు రాళ్ళకు ఎంత వేశారో ఎలాగూ ఉంటుంది. ఆవరణలో కాపురముండే డాక్టరు ఇంటికి ఎంత వేశారో, ఆ కార్డులు రాసే గుమాస్తా జీతం ఏ పద్దులో వేశారో కనుక్కుని నాకు రాయి.

ఇట్లు,
నీ మిత్రుడు