రెయిలింగులు ఎందుకు ఆలస్యమవుతున్నాయంటే

దసరా లోపు బాల్కనీ రెయిలింగ్ బిగించేస్తానని మాటిచ్చి తప్పాను. ఫోన్ చేసినవాళ్లందరికీ "సరుకు రాలేదండీ" అని చెప్పాను. అది అబద్ధం. స్టెయిన్‌లెస్ స్టీలు పైపులు షెడ్డులోనే ఉన్నాయి, వాటికి పెట్టిన బెజ్జాలే బాగా రాలేదు.

కిందటి నెల వైజాగ్ బీచ్ రోడ్డు వైపు మేం బిగించిన రెయిలింగ్‌కి ఆ ఇంటావిడ పట్టుచీర కొంగు తగులుకుని చిరిగింది. వెళ్లి చూశాను. కడ్డీ దూరేచోట అంచున బర్, అంటే బెజ్జం వేసినప్పుడు మిగిలిపోయే పదునైన స్టీలు పెచ్చు, చేపముల్లులా నిలబడి ఉంది. దాని పక్క బెజ్జం అసలు గుండ్రంగానే లేదు, మూడు మూలలు తేలింది. చుట్టూ నీలం మచ్చ, అందులో అప్పుడే టీ రంగు తుప్పు. "304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు అన్నారు కదా బాబూ?" అని ఆవిడ అడిగితే నోట మాట రాలేదు.

స్టీలు 304నే. మేమే హ్యాండ్ డ్రిల్‌ని ఫుల్ స్పీడులో పెట్టి, మామూలు 12 ఎంఎం బిట్‌తో (డ్రిల్ ములుకు) ఒకేసారి పొడిచేశాం. ఇనుముకి అలా చెల్లుతుంది. స్టెయిన్‌లెస్ అలా కాదు, బిట్ కోయకుండా ఒక్క క్షణం రుద్దిందంటే అక్కడే గట్టిపడి మొరాయిస్తుంది. కుర్రాడు ఇంకా బలంగా నొక్కుతాడు, పైపు వేడెక్కి నీలమెక్కుతుంది. పలచటి గోడ, ఒకటిన్నర ఎంఎం, బిట్ దాన్ని కోయదు, చీలుస్తుంది.

ఇప్పుడు పైపు కదలకుండా గాడి ఉన్న వి-బ్లాకు దిమ్మలో బిగించి, బెజ్జం పడాల్సిన చోట పంచ్‌తో చిన్న గుంట కొట్టి, ముందు 4 ఎంఎం కోబాల్ట్ బిట్ (గట్టి స్టీలుని కోసే రకం), తర్వాత స్టెప్ బిట్ (మెట్లుమెట్లుగా లావయ్యేది) వేస్తున్నాం. నిమిషానికి 400 తిప్పులు దాటనివ్వడం లేదు. కటింగ్ ఆయిల్ చుక్కలు పడుతూనే ఉండాలి. స్టీలు చుట్టలుచుట్టలుగా ఊడి రావాలి, పొడి రాలిందంటే ఆపి బిట్ మారుస్తాం. చివర్న గుండ్రటి ఆకురాయితో లోపలి అంచు కూడా తీస్తున్నాం. ఒక్కో బాల్కనీకి డెబ్బై పైచిలుకు బెజ్జాలు మరి, ఒక్క రోజులో అయ్యేది రెండు రోజులు పడుతోంది. ఒప్పుకున్న ఆర్డర్లకి రేటు పెంచను. కొత్తవాటికి మాత్రం కూలి కొంచెం పెరుగుతుంది, ముందే చెబుతున్నా.

ఈ ఏడాది మా దగ్గర రెయిలింగ్ వేయించుకున్నవాళ్లు కాస్త దూది తీసుకుని కడ్డీల మొదళ్ల చుట్టూ తిప్పి చూడండి. పీచు పట్టుకుంటే ఫోన్ చేయండి. నేనే వచ్చి బర్ తీసి, నీలం మచ్చకి పిక్లింగ్ పేస్ట్ (ఆ మచ్చని తీసేసే యాసిడ్ ముద్ద) రాసి కడిగి వెళ్తాను. డబ్బులక్కర్లేదు. అప్పటిదాకా పిల్లల్ని కడ్డీలు పట్టుకుని ఎక్కనివ్వకండి.