లేవీయకాండం దగ్గర ఆగిపోయే రిబ్బను

సంపాదకుల వారికి,

అయ్యా,

డిసెంబరు 31 అర్ధరాత్రి ఆరాధనలో, కొత్త ఏడాదికని బైబిలు వచనం రాసిచ్చే వాగ్దానం కార్డు అందుకుని, ‘ఈ ఏడు బైబిలు మొత్తం చదివేస్తాను’ అని తీర్మానం చేసుకునే కుర్రాళ్లు విశాఖలో ప్రతి సంఘంలోనూ ఉంటారు. ఫిబ్రవరిలో అదే బైబిలు తెరిచి చూడండి. చదివినంతవరకు గుర్తుగా పెట్టే ఎర్ర రిబ్బను, మూడో పుస్తకమైన లేవీయకాండం మొదటి పేజీల మధ్య నలిగి ఉంటుంది. చాలామంది బైబిళ్లలో మళ్లీ డిసెంబరు దాకా అది అక్కణ్ణుంచి కదలదు. పెద్దలు దీన్ని భక్తి చల్లారిపోవడం అంటారు. మాకైతే ఇందులో సగం లెక్క తప్పడమే అనిపిస్తుంది.

బైబిల్లో 66 పుస్తకాలు, 1,189 అధ్యాయాలు. ఆరు రోజులు మూడేసి, ఆదివారం ఐదు చదివితే ఏడాదిలో అయిపోతుంది. ఆదికాండం 50, నిర్గమకాండం 40. యోసేపు, మోషే, ఎర్ర సముద్రం ఉన్నంతవరకు చదువు దానంతటదే పరుగెడుతుంది. ఆరాధనకు వేసిన డేరా, అంటే ప్రత్యక్ష గుడారం కొలతలు వచ్చేసరికి నడకలో పడుతుంది. నాలుగు వారాలు నిండేసరికి 92 అధ్యాయాలవుతాయి. అంటే లేవీయకాండం రెండో అధ్యాయం: నైవేద్యం, గోధుమపిండి, నూనె, సాంబ్రాణి. మరో నాలుగు రోజులకు పదమూడో అధ్యాయం, కుష్ఠు పొడను యాజకుడు పరీక్షించే పద్ధతి, 59 వచనాలు. సరిగ్గా అప్పుడే ఇంటర్ ప్రాక్టికల్స్ హడావుడి. నాలుగు రోజులు తప్పితే పన్నెండు అధ్యాయాల బాకీ. పన్నెండు అధ్యాయాలు బాకీ ఉన్నవాడు బైబిలు వైపు చూడడానికే మొహమాటపడతాడు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు మేం చెప్పేది వేరే లెక్క. బైబిలు రెండో భాగమైన కొత్త నిబంధనలో 260 అధ్యాయాలున్నాయి. వారానికి ఐదు రోజులు, రోజుకొక్కటి చొప్పున 52 వారాలకు సరిగ్గా సరిపోతాయి. మొదట మార్కు సువార్త పదహారు అధ్యాయాలు, వెంటనే యాకోబు పత్రిక ఐదు. తప్పిపోయినవి శనివారం చదువుకోవాలి. శనివారమూ కుదరకపోతే వదిలేసి సోమవారం ఆ రోజు భాగమే తెరవాలి. బాకీని ఒక వారం నుంచి ఇంకో వారానికి మోయకూడదు.

ఇక భాష సంగతి. ఇంగ్లిషు మీడియంలో చదివిన పిల్లలకు మన బైబిలు తెలుగు రెండు విధాల కష్టం. తెలియని మాటలతో పెద్ద ఇబ్బంది లేదు, ‘ఆశానిగ్రహము’ అంటే ఏమిటని అడుగుతారు. తెలుసనుకునే మాటలతోనే తంటా. ఫిలిప్పీయులకు రాసిన పత్రిక నాలుగో అధ్యాయంలో ‘దేవుని సమాధానము’ అని ఉంటుంది. ముందు వచనం ప్రార్థన, విన్నపాల గురించి కాబట్టి, పిల్లలు దాన్ని ‘దేవుడిచ్చే జవాబు’ అని చదువుకుంటారు. అక్కడ సమాధానం అంటే శాంతి. జవాబు వస్తుందని నెల్లాళ్లు ఎదురుచూసి, రాలేదని నీరుగారిపోయేవాళ్లకు ఆ వచనం అసలు ఇస్తానన్నది ఏమిటో తెలియదు. అలాగే ‘విమర్శదినము’ అంటే ఎవరో విమర్శించే రోజు కాదు, తీర్పు రోజు. ‘నిబంధన’ అంటే కాలేజీ రూలు కాదు, దేవుడు మనుషులతో చేసుకున్న ఒడంబడిక. నోటుబుక్కు చివరి పేజీలో ఇలాంటి మాటల పట్టీ ఒకటి పెట్టుకోవాలి. ఇంట్లో అమ్మమ్మనో నాయనమ్మనో అడిగితే సగం మాటలకు అక్కడే అర్థం దొరుకుతుంది. వాడుక భాషలో వచ్చిన అనువాదం పక్కన పెట్టుకున్నా తప్పు లేదు. 1805లో ఈ ఊరికి వచ్చిన లండన్ మిషనరీ సొసైటీ వాళ్లు క్రాన్, డెస్ గ్రాంజెస్ అనే ఇద్దరు, క్రైస్తవంలోకి వచ్చిన ఆనందరాయర్ సాయంతో సువార్తలను తెలుగు చేసింది జనానికి అర్థం కావాలనే. మత్తయి, మార్కు, లూకా 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. ఆ పని సాగిన ఊళ్లోనే పిల్లలు అర్థం కాకపోయినా ‘ఆమేన్’ అనేస్తుంటే ఏమనాలి?

చదవడం కంటే చేయడం దగ్గర ఎక్కువమంది జారిపోతారు. వినేవాళ్లుగానే మిగిలితే మనల్ని మనమే మోసం చేసుకుంటున్నట్టని యాకోబు మొదటి అధ్యాయంలోనే అన్నాడు. దీనికి కావలసింది 200 పేజీల రూళ్ల నోటుబుక్కు, పేజీకి రెండు రోజులు. రోజుకు నాలుగు వరుసలు చాలు: మొదటిది తేదీ, చదివిన భాగం; రెండోది అందులో ఏముందో సొంత మాటల్లో; మూడోది ఈ రోజు నేను చేయవలసింది; నాలుగోది మర్నాడు నింపాలి, చేశానా లేదా అని.

మూడో వరుసే అసలు పరీక్ష. మత్తయి అయిదో అధ్యాయంలో, బలిపీఠం దగ్గర కానుక విడిచిపెట్టి ముందు వెళ్లి సహోదరుడితో సమాధానపడమన్న మాట చదివి, చాలామంది ‘అందరితో ప్రేమగా ఉండాలి’ అని రాస్తారు. మర్నాడు దానికి టిక్కు పెట్టాలా వద్దా? తేలదు. ‘రాత్రి ఎనిమిది లోపు అన్నయ్యకు ఫోన్ చేసి, సంక్రాంతికి అన్న మాటకు క్షమించమని అడగాలి’ అని రాస్తే తేలుతుంది. ఎవరికి, ఏమిటి, ఎప్పటిలోగా అన్న మూడూ ఆ వరుసలో ఉండాలి, గడువు 24 గంటలు దాటకూడదు. లూకా సువార్తలో యేసును కలిసిన సుంకరి (పన్ను వసూలుదారు) జక్కయ్య కూడా ‘ఇక మంచిగా ఉంటాను ప్రభువా’ అనలేదు. ఆస్తిలో సగం అన్నాడు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు అన్నాడు. అంకె చెప్పాడు.

పెద్ద పాపాలనూ ఇలాగే ముక్కలు చేయాలి. ‘బెట్టింగ్ మానేస్తాను’ అన్న తీర్మానం ఐపీఎల్ మొదటి వారం దాటదు. యాప్ తీసేయడం ఒక రోజు పని. బ్యాంకు యాప్‌లో యూపీఐ రోజువారీ పరిమితిని అయిదొందలకు దించుకోవడం ఇంకో రోజు. ఎంత పోగొట్టుకున్నాడో ఇంట్లో ఒక్కరికైనా చెప్పడం మూడో రోజు. ఈ మూడోది చేయనివాళ్లే తరచూ తిరిగి అందులో పడతారు.

‘వేకువనే లేచి ప్రార్థించు’ అని అందరికీ ఒకే మందు ఇవ్వడం మానుకోవాలి. స్టీల్‌ప్లాంటులో సి షిఫ్టు చేసినవాడు ఉదయం ఆరింటికి డ్యూటీ దిగి, ఇంటికొచ్చి పడుకుంటాడు. వాడికి వేకువ మధ్యాహ్నం రెండింటికి. గడియారానికి కాకుండా రోజూ తప్పని పనికి ముడిపెట్టాలి: స్నానం చేశాక, అన్నం ముందు. ఇరవై నిమిషాలు చాలు. అధ్యాయాన్ని పైకి వినబడేలా రెండుసార్లు చదవడానికి పది, రాయడానికి అయిదు, ప్రార్థనకు అయిదు. ఫోన్ ఇంకో గదిలో ఉండాలి. బైబిలు యాప్ తెరిచినవాడు వాట్సాప్‌లో తేలడం మామూలే. పరవాడ, అచ్యుతాపురం కంపెనీ బస్సుల్లో ఆడియో బైబిలు వినడం మంచిదే కానీ, దాన్ని ఈ ఇరవై నిమిషాల కింద జమ కట్టకూడదు.

ఒంటరిగా చేస్తే నోటుబుక్కు రెండు నెలల్లో మూలన పడుతుంది. అబ్బాయిలు అబ్బాయిలతో, అమ్మాయిలు అమ్మాయిలతో ముగ్గురేసి వారానికి ముప్పావు గంట కూర్చోవాలి. ఎవరి నోటుబుక్కు వాళ్లే తెరిచి మూడో వరుస, నాలుగో వరుస చదవాలి. అడగనిదే సలహా ఇవ్వకూడదు. ఇద్దరైతే ఒకరి తప్పు ఒకరు కప్పుకుంటారు, అయిదుగురైతే ఒకరు ప్రసంగం మొదలెడతారు. ఇక్కడ విన్నది వాట్సాప్‌లోకి ఎక్కకూడదు. ‘ప్రార్థన అంశం’ పేరుతో ఒకరింటి గుట్టు సాయంత్రానికల్లా సంఘమంతా పాకడం వల్ల ఎంతమంది యవనస్థులు నోరు విప్పడమే మానేశారో సంఘ కాపరులకు తెలియనిది కాదు.

ఉపవాసం గురించి ఒక్క మాట. పొద్దున్నుంచి ఖాళీ కడుపున నాలుగు టీలు తాగి సాయంత్రం బిర్యానీతో విడవడం కడుపుకు మంచిది కాదు. ఒక్క పూట మానండి, నీళ్లు తాగండి, మజ్జిగతోనో గంజితోనో విడవండి, ఆ పూట భోజనం ఖర్చు ఆకలిగా ఉన్నవాళ్లకివ్వండి. షుగరున్నవాళ్లు డాక్టరును అడగకుండా చేయకూడదు.

ఈ పత్రికను అన్ని మతాలవాళ్లూ చదువుతారు కనుక మరొకటి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మామూలుగా బయట లౌడ్‌స్పీకరు వాడకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. అధికారులకు లోబడమని రోమీయుల పత్రిక పదమూడో అధ్యాయం చదివి, పదిన్నరకు సౌండ్ బాక్సు పెట్టి పాటలు పాడితే, పక్కింట్లో పరీక్షకు చదువుకునే పిల్లకు మన విధేయత ఎలా వినిపిస్తుంది? పది కాగానే స్విచ్ కట్టేయడాన్నీ ఆ రాత్రి మూడో వరుసలో రాసుకోవచ్చు.

లేవీయకాండాన్ని పక్కన పెట్టేయమని మేం అనడం లేదు. కొత్త నిబంధన వరుసలో హెబ్రీయులకు రాసిన పత్రిక వస్తుంది, పదమూడు అధ్యాయాలు. అందులో తొమ్మిది, పది అధ్యాయాలు ఆ బలుల, ఆ గుడారం అర్థం విప్పి చెబుతాయి. అవి చదివిన వారంలోనే వెనక్కి తిరిగి లేవీయకాండం పదహారో అధ్యాయం, ప్రాయశ్చిత్త దినం గురించినది, తెరవండి. ఆ తర్వాత మొదటి అధ్యాయం నుంచి రోజుకొకటి చొప్పున చదివితే 27 రోజులు పడుతుంది.

— యవనస్థుల కూడిక బాధ్యులు,
గాజువాక, విశాఖపట్నం