ఎలుకల మందు తగ్గించండి, గూబకు గూడు ఇవ్వండి: అనంతపురం జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కలెక్టర్ గారికి,

మన జిల్లా వేరుశనగ, పప్పుశనగ పొలాల్లో ఎలుకలను పట్టే పక్షి ఒకటుంది. తెల్లటి మొహంతో, చప్పుడు లేకుండా ఎగిరే ఈ గూబను చాలా ఊళ్లలో చావుపిట్ట అంటారు. పెద్ద పక్షి రాత్రికి ఒకటి రెండు ఎలుకలు తింటుంది. పిల్లలున్నప్పుడు జంట తెచ్చే ఎలుకలు ఇంకా ఎన్నో రెట్లు ఉంటాయి. ఒక ఈతకు నాలుగు నుంచి ఏడు గుడ్లు పెడుతుంది, పిల్లలు గూడు వదలడానికి ఎనిమిది నుంచి పది వారాలు పడుతుంది. దీనికి లేనిది తిండి కాదు, చోటు. తొర్రలున్న పాత చెట్లు మెట్ట భూముల్లో మిగల్లేదు. పాత గోపురాలు, గోడౌన్లు బాగుచేసేటప్పుడు సందులన్నీ జాలీతో మూసేస్తున్నారు. అందుకే పొలాల్లో గూటి పెట్టెలు పెట్టించమని కోరుతున్నాం. మలేసియా పామాయిల్ తోటల్లో, ఇజ్రాయెల్ పొలాల్లో ఇది ఎన్నో ఏళ్లుగా సాగుతున్న పని.

అయితే టెండరు పిలిచి, తక్కువ ధరకు వచ్చిన రేకు పెట్టెలు నిలబెడితే మేలుకన్నా కీడే ఎక్కువ. మన ఏప్రిల్, మే ఎండలో రేకు పెట్టెలో పిల్లలు బతకవు. 12 మిల్లీమీటర్ల వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్ వాడాలి. అడుగు 24×16 అంగుళాలు, ఎత్తు 26 అంగుళాలు. పై కప్పు రెండు పొరలుగా, మధ్య రెండంగుళాల గాలి సందుతో ఉండాలి. 8×4 అడుగుల షీటు ఒక్కటి జాగ్రత్తగా కోస్తే ఈ మొత్తానికి, ముందు అరుగుకు కూడా సరిపోతుంది. తలుపు రంధ్రం 5 అంగుళాల చదరం, దాని కింది అంచు అడుగు నుంచి 18 అంగుళాల పైన ఉండాలి. ఎక్కువ మంది తప్పు చేసేది ఇక్కడే. రంధ్రం కిందికి ఉంటే ఇంకా ఎగరలేని పిల్లలు ఆకలితో అంచు మీదికి వచ్చి కింద పడతాయి, పడ్డ పిల్లను తల్లి పైకి తీసుకెళ్లలేదు. రంధ్రం కింద, బయటివైపు అంచులున్న అరుగు ఉంటే పిల్లలు రెక్కలు ఆడించుకుంటాయి.

అడుగున నాలుగు మూలల్లో నీరు పోయే సన్న రంధ్రాలు, కప్పు కింద గాలి రంధ్రాలు పెట్టాలి. లోపల రంగు వేయకూడదు, బయట తెల్ల సున్నమో తెల్ల పెయింటో వేయాలి. ఈ పక్షి గూడు కట్టుకోదు, కాబట్టి లోపల రెండంగుళాల మందం రందా పొట్టు పరవాలి. వరిగడ్డి పరిస్తే తేమకు బూజు పడుతుంది.

స్తంభానికి 20 అడుగుల జీఐ పైపు చాలు, నాలుగడుగులు కాంక్రీటులో పాతాలి. మన జిల్లా గాలి తెలిసిందే. మేకులు నిలవవు, యాంగిల్ ఇనుప ఫ్రేము మీద పెట్టెను యూ-క్లాంపులతో బిగించాలి. పిల్లి, పాము ఎక్కకుండా పైపు నడుమ రెండడుగుల మేర నున్నటి రేకు చుట్టాలి. రంధ్రం తూర్పుకో ఉత్తరానికో ఉండాలి, పడమటి ఎండ, నైరుతి గాలి నేరుగా కొట్టకుండా. కరెంటు స్తంభం మీద మాత్రం ఎప్పుడూ పెట్టకూడదు.

చోటు గురించి మరికాస్త. ఈ గూబ రోడ్డు దాటేటప్పుడు తక్కువ ఎత్తులో ఎగురుతుంది, లారీకి తగిలి చస్తుంది. 44వ జాతీయ రహదారికి కిలోమీటరు లోపల పెట్టెలు వద్దు. గాలిమరల వరసల మధ్య అసలే వద్దు. ప్లాస్టిక్ షీటు వేసిన ఫారం పాండ్లు (పొలాల్లోని నీటి కుంటలు) దగ్గరుంటే, పడ్డ పక్షి ఎక్కి బయటపడేలా ఒక చెక్క పలకనో తాడు వలనో వేలాడదీయించండి. మొదట 40 ఎకరాలకు ఒక పెట్టె చొప్పున మొదలుపెట్టి, పక్షులు చేరాక పెంచవచ్చు. చెట్టులేని పొలాల్లో పది అడుగుల టీ ఆకారపు కర్రలు ఉంటే అక్కడ వాలి వేటాడతాయి. ఇళ్ల మీద వాలితే అరిష్టమనే భయం ఇంకా ఉంది గనుక ఇళ్లకు దూరంగా, రైతు ఇష్టపడ్డ చోటే పెట్టాలి. ఎక్కడి నుంచో పక్షులను పట్టి తెచ్చి వదలడం వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం నేరం. అవే రావాలి, ఏడాది పట్టినా కంగారు వద్దు.

ఇవన్నీ చేసి, చుట్టుపక్కల బ్రోమాడయోలోన్ అనే ఎలుకల మందు ఎరలు పంచితే అంతా వృథా. ఆ మందు తిన్న ఎలుక వెంటనే చావదు, కొన్ని రోజులు మందకొడిగా తిరుగుతుంది. గూబకు సులువుగా దొరికేది అదే. విషం ఎలుక కాలేయంలో నిలిచి పక్షికి చేరుతుంది. పెట్టెలున్న చోట రెండు కిలోమీటర్ల మేర ఈ ఎరలు ఆపి, కలుగులు తవ్వించడం, ఎలుకబుట్టలు పెట్టించడం చేయాలి. గూబ ఒక్కటే ఎలుకలను అంతం చేస్తుందని మేము చెప్పడం లేదు. పెద్ద పందికొక్కులను అది పట్టదు కూడా. గుణం కనపడిందో లేదో తేల్చడానికి సాయంత్రం కలుగులన్నీ మూయించి, మర్నాడు పొద్దున ఎలుకలు తిరిగి తెరిచినవి లెక్కించాలి. పెట్టెలు పెట్టకముందు ఒకసారి, ఏడాది తర్వాత అదే నెలలో మరోసారి.

ఏటా ఒకసారి పక్షులు లేనప్పుడు శుభ్రం చేయడానికి పెట్టె పక్కన పెట్టిన తలుపు తెరిచి, మాస్కు కట్టుకుని, పేరుకున్న ఉండలు (గూబ కక్కిన ఎముకలు, వెంట్రుకల ముద్దలు) తీసి పొట్టు మార్చాలి. గోరువంకలు నింపిన పుల్లలుంటే, గుడ్లు లేవని చూసుకున్నాకే తీయాలి. తేనెటీగలు పడితే పొగబెట్టి తగలబెట్టకుండా తేనె తీసేవాళ్లను పిలిపించాలి. ఈ పని ఎవరిదో, నిచ్చెన ఎవరి దగ్గర ఉంటుందో, ఏటా ఖర్చు ఏ పద్దు నుంచి వస్తుందో మంజూరు ఉత్తర్వులోనే రాయించండి. మొదట ఒక మండలంలో, వచ్చే వేసవికి ముందే, పాతిక పెట్టెలతో ప్రారంభించమని మా విన్నపం.

ఇట్లు,
అనంతపురం జిల్లా రైతులు, పక్షి పరిశీలకులు