తూము ఒక్కరి చేతిలో ఉండొద్దు

సంపాదకులకు నమస్కారం.

ఉమ్మడి వరంగల్ జిల్లా ఊర్ల చరిత్రను యువకులు ఆన్‌లైన్‌లో పోగుచేస్తున్నారని మీ జిల్లా పేజీలో వచ్చిన వార్త చదివి చాలా సంతోషపడ్డాను. ఆ పనిలోకి దిగి ఒకచోట దెబ్బతిని, ఇంకోచోట నిలదొక్కుకున్న మనిషిగా నాలుగు మాటలు రాయాలనిపించింది. నేను బడిలో తెలుగు చెప్పి రిటైరైన సారును.

రెండేళ్ళ కింద ఊర్ల చరిత్ర సేకరించే ఒక వాట్సాప్ గ్రూపులో చేరాను. దాని పేరు ఇక్కడ అవసరం లేదు. మా ఊరి చెరువు గురించి రెండు రాత్రులు కూర్చుని ఫోన్‌లోనే టైపు చేశాను. మత్తడి ఏ దిక్కున దుంకుతుంది, పెద్ద తూము కింద ఎవరి పొలాలు పారేవి, చిన్న తూము ఎందుకు పూడిపోయింది, ఇవన్నీ రాశాను. సద్దుల బతుకమ్మనాడు ఆడవాళ్ళు నీళ్ళలోకి దిగే మెట్లు, కట్ట మీది పోచమ్మ గుడి, మత్తడి రాళ్ళు, అన్నీ కలిపి ఆరు ఫొటోలు పెట్టాను. పొద్దున లేచి చూస్తే ఏమీ లేవు. అడ్మిన్ తొలగించారని మాత్రం కనపడింది. ఎందుకు తీశారని అడిగితే జవాబు రాలేదు. సాయంత్రానికల్లా అడ్మిన్లు తప్ప ఎవరూ రాయకుండా గ్రూపును మార్చేశారు. నాలుగు రోజుల తర్వాత తెలిసినాయన ఒకరు చెప్తే అర్థమైంది, మూడు ఫొటోలకు మించి పెట్టొద్దని అక్కడ రూలు ఉందట. గ్రూపు పెట్టిన కొత్తలో ఒకసారి చెప్పారట. మరి తర్వాత చేరినవాళ్ళకు ఎవరు చెప్పాలి?

నా సంగతి సరే, నాకు టైము ఉంది, పట్టుదల ఉంది. నాతోపాటు చేరిన ఒక మిత్రుడు వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేస్తాడు. ఆయన రాసింది కూడా అట్లాగే పోయింది. ఆయన గ్రూపులోంచి బయటికి వచ్చి మళ్ళీ ఆ దిక్కు చూడలేదు. వరంగల్ జంపఖానాలకు 2018లో జీఐ గుర్తింపు, అంటే ఫలానా చోటి సరుకు అన్న భౌగోళిక గుర్తింపు వచ్చింది. కానీ మగ్గం మీద కూర్చునేవాళ్ళు అంచుకు, గడికి, రంగు మార్చే చోటికి వాడే మాటలు ఆయన నోట్లో ఉన్నాయి. అవి రాసిపెట్టే మనిషిని ఒక్క వేలితో పోగొట్టుకున్నాం. నా బాధంతా ఇదే.

తర్వాత హనుమకొండలో డిగ్రీ చదివే ఒక అమ్మాయి నన్ను తెలుగు వికీపీడియాలోకి, అంటే ఎవరైనా రాసి దిద్దగలిగే ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలోకి తీసుకుపోయింది. 2003 డిసెంబరులో మొదలైన ఈ పనిని ఇప్పటికీ జీతం లేని మనుషులే రాసి, దిద్ది నడిపిస్తున్నారు. నాకు చేతులు వణుకుతుంటే, "సార్, ఇక్కడ ఏది రాసినా, ఏది తీసినా పాతది చరిత్రలో ఉంటది, టెన్షన్ పడకండి" అని పేజీ మీది 'చరిత్ర' ట్యాబ్ నొక్కి చూపించింది. ఎవరు, ఏ రోజు, ఏ మాట మార్చారో వరుసగా కనపడింది. నేను మా ఊరిది వరంగల్ రూరల్ జిల్లా అని రాశాను. 2016లో జిల్లాలు విడిపోయినప్పుడు వచ్చిన పేరు అది. 2021లో వరంగల్ రూరల్ వరంగల్ జిల్లాగా, వరంగల్ అర్బన్ హనుమకొండ జిల్లాగా మారాయి. ఒక పాత సభ్యుడు దాన్ని సరిచేసి ఊరుకోలేదు, నాతో మాట్లాడటానికి ఉండే నా చర్చ పేజీలోకి వచ్చి ఎందుకు మార్చారో రెండు లైన్లు రాశారు. చెరువు గురించి రాసిన దానికి ఆధారంగా ఒక పుస్తకమో పత్రికో చూపించమన్నారు. తప్పు నాదే. అయినా ఆ రాత్రి ఇంకో పేరా రాయాలనిపించింది.

అక్కడా కొందరికి ఎక్కువ అధికారం ఉంది. పేజీని తొలగించడం, ఒకరిని ఆపడం నిర్వాహకుల చేతిలో ఉంటుంది. కానీ వాళ్ళను సభ్యులే అందరికీ కనపడేలా చర్చించి ఎన్నుకుంటారు. వాళ్ళు ఏం తీసేసినా అది చిట్టాలోకి ఎక్కుతుంది, ఎవరైనా చూడొచ్చు. రెండేళ్ళు ఏ పనీ చేయకపోతే ఆ హక్కులు తీసేసే ఏర్పాటు ఉంది. అన్ని భాషల వికీలకూ పనిచేసే పై స్థాయి నిర్వాహకులైన స్టీవార్డుల ఎన్నిక ఏటా జరుగుతుంది, పాతవాళ్ళు కొనసాగాలా వద్దా అన్నదీ ఏటా తేలాల్సిందే. ఇంత ఉన్నా వాళ్ళకూ దెబ్బ తగిలింది. ఇంగ్లిష్ వికీపీడియాలో చురుకుగా రాసేవాళ్ళ సంఖ్య 2007 తర్వాత తగ్గుతూ వచ్చింది. మంచి ఉద్దేశంతో వచ్చిన కొత్తవాళ్ళ రాతలను వెంటవెంటనే తీసేసి పాతదే పెట్టేయడం అందుకు ఒక పెద్ద కారణమని పరిశోధకులు తేల్చారు. 2012లో కొత్తవాళ్ళు మొహమాటం లేకుండా అడగడానికి టీహౌస్ అని ఒక చోటు పెట్టుకున్నారు.

మా చిన్నప్పుడు ఊర్లో నీరటి ఉండేవాడు. తూము తీసేది, మూసేది ఆయనే. ఎవరి మడికి ఎంతసేపు పారాలో మాత్రం ఊరు కూర్చుని తేల్చేది. ఆయన ఏం చేసినా కాలువలో నీళ్ళు అందరికీ కనపడేవి. ముసలితనం వచ్చాక ఇద్దరు పోరగాళ్ళను వెంట తిప్పుకుని పని నేర్పాడు. తెలుగు వికీలో అందరూ మాట్లాడుకునే పేజీకి రచ్చబండ అని పేరు పెట్టారంటే నాకు అదే యాదికొచ్చింది.

అడ్మిన్ల కష్టం నాకు తెలియనిది కాదు. పగలంతా ఉద్యోగం చేసి, రాత్రి పార్టీల ఫార్వర్డులు, లోన్ల ప్రకటనలు ఏరిపారేస్తూ కూర్చుంటారు, ఒక్కరూ థ్యాంక్స్ చెప్పరు. అందుకే అంటున్నాను, ఆ బరువు ఇద్దరు ముగ్గురే మోయొద్దు. ప్రతి ఏడూ కొత్తగా చేరినవాళ్ళలోంచి ఇద్దరిని పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పండి. ఒకరిది తీసేస్తే ఎందుకు తీశారో ఒక్క లైను వాళ్ళకు తెలుగులో రాయండి. రూలు ఉంటే చేరిన రోజే చేతిలో పెట్టండి. జిల్లా గ్రంథాలయ సంస్థ వాళ్ళకు కూడా నా విన్నపం: నెలకు ఒక ఆదివారం ఒక గది, వైఫై ఇవ్వండి. ఫోన్‌లో తెలుగు టైపు చేయడం రాని పెద్దవాళ్ళు, పెద్దవాళ్ళకు తెలిసింది తెలియని పిల్లలు ఒకచోట కూర్చుంటారు. నేర్పడానికి నేను వస్తాను.

కొత్తవాడ మిత్రుణ్ణి ఇంకా ఒప్పిస్తున్నాను. మొన్న అడిగితే మగ్గం మీది నుంచి తల ఎత్తకుండానే "మళ్ళా చెరిపేస్తే?" అన్నాడు. ఈసారి నేను పక్కన కూర్చుంటానని చెప్పి వచ్చాను.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, హనుమకొండ