బ్యాటరీ అంటగట్టకుండా లోపం పట్టుకున్న అన్నకు కృతజ్ఞతలు

సూర్యాపేట వైపు హైవే పక్కన ఆటో ఎలక్ట్రికల్ షాపు నడిపే అన్నా, ఈ నాలుగు మాటలు మీకే. అమ్మను డయాలసిస్‌కు తీసుకెళ్లాల్సిన కారు రోజూ తెల్లారేసరికి సెల్ఫ్ అందుకోవట్లేదు. ఇంకో బ్యాటరీ అమ్మేస్తే మీకు చిటికెలో పని. మీరు మీటరు తీశారు.

ఛార్జ్ పెట్టాక 12.6 వోల్టులు, ఇంజిన్ నడుస్తుంటే 14.2. అంటే ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ మంచిదే, ఆగి ఉన్నప్పుడే కరెంటు ఎటో పోతోంది. నెగటివ్ కేబుల్ ఊడదీసి, మధ్యలో మీటరును 10 ఆంపియర్ల రేంజిలో కలిపారు. లోపలి కంప్యూటర్లు నిద్రపోయేదాకా రీడింగు నమ్మొద్దని అరగంట ఆగారు. ఆ టైములో ఎవరైనా సెల్ఫ్ కొడితే మీటరు ఫ్యూజు పోతుందని తాళం మీ జేబులోనే పెట్టుకున్నారు.

50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉండాల్సింది 1.9 ఆంపియర్లు! ఒక్కో ఫ్యూజూ పీకుతూ వచ్చారు. పాటల సౌండు పెంచే యాంప్లిఫయర్ ఫ్యూజు తీయగానే 30 మిల్లీకి పడింది. దాన్ని ఆన్ చేసే సన్న వైరును ఇగ్నిషన్‌కు కాకుండా నేరుగా బ్యాటరీకి కలిపారు బిగించినవాళ్లు. పది గంటల్లో 35 ఏహెచ్ (ఆంపియర్ అవర్, అంటే నిల్వ సామర్థ్యం) బ్యాటరీలో సగం పైనే ఖాళీ.

వైరు మార్చాక కూడా వదల్లేదు మీరు. అంతలా దిగిన బ్యాటరీ ప్లేట్ల మీద సల్ఫేట్ అనే గట్టి పొర పడుతుందని, మూడున్నర ఆంపియర్ల మీద రాత్రంతా నెమ్మదిగా ఛార్జ్ పెట్టారు. అప్పటిదాకా వాడుకోమని మీ షాపు బ్యాటరీ బిగించి పంపారు, అడ్వాన్సు మాట కూడా ఎత్తకుండా. అమ్మ వేళకు ఆస్పత్రి చేరింది. మీ మేలు మరవలేం అన్నా.