ఉమ్మి పరీక్షను ముందు మన ముసలివాళ్ల మీద పరీక్షించండి

సంపాదకుడు గారికి,

ఉమ్మి పరీక్షతో డిమెన్షియాను (జ్ఞాపకశక్తి, ఆలోచన క్రమంగా దెబ్బతినే జబ్బును) ముందే పసిగట్టవచ్చంటూ వస్తున్న వార్తలు చదివినప్పుడల్లా నాకు మా అమ్మ గుర్తొస్తోంది. పులుసులో రెండుసార్లు ఉప్పు వేసేది. పింఛను డబ్బులు బియ్యం డబ్బాలో తానే దాచి, కోడలు తీసిందని వీధిలో నిలబడి ఏడ్చింది. మేము చాదస్తం అనుకున్నాం. చూసిన డాక్టరు కూడా 'వయసు కదమ్మా' అని బలానికి మాత్రలు రాసి పంపేశారు. థైరాయిడ్, విటమిన్ బి12 చూడమని ఎవరూ చెప్పలేదు. ఆ లోపాల వల్ల వచ్చే మతిమరుపు వైద్యంతో తగ్గే అవకాశం ఉందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. అమ్మది డిమెన్షియాలో ఎక్కువగా కనబడే రకమైన అల్జీమర్స్ అని తేలేసరికి నాలుగేళ్లు గడిచాయి. అప్పటికే నన్ను పిన్ని పేరుతో పిలుస్తోంది.

అందుకే ఈ పరీక్ష రావాలని మనసారా కోరుకుంటున్నాను. అల్జీమర్స్‌లో మెదడులో అమిలాయిడ్ అనే ప్రొటీన్ పేరుకోవడం లక్షణాలు కనబడడానికి 15, 20 ఏళ్ల ముందే మొదలవుతుందంటారు. దాన్ని పట్టుకోవాలంటే ఇన్నాళ్లూ వెన్నులో నీరు తీయాలి, లేదా మెదడులో ఆ ప్రొటీన్‌ను చూపించే పెట్ స్కాన్ చేయించాలి. వెన్నులో సూది అంటే మా పల్లెల్లో ఏ ఇంట్లోనూ ఒప్పుకోరు. స్కాన్ ఖర్చు మాలాంటివాళ్లు భరించలేరు. ఉమ్మి ఇవ్వడం మాత్రం ఎవరికీ కొత్త కాదు. టీబీకి కళ్లె పరీక్ష చేయించుకోని ఊరు మన దగ్గర లేదు.

కానీ ఆ పరీక్ష ఇంకా స్థిరపడలేదు. ఉమ్మిలో ఈ ప్రొటీన్లు చాలా కొద్దిగా ఉంటాయి. ఒక ల్యాబులో తేలిన లెక్క ఇంకో ల్యాబులో తేలడం లేదు. అల్జీమర్స్ ఉన్నవారి ఉమ్మిలో లాక్టోఫెరిన్ అనే ప్రొటీన్ తగ్గుతుందని 2017లో స్పెయిన్ శాస్త్రవేత్తలు చెబితే అందరూ ఆశపడ్డారు. 2021లో డెన్మార్క్‌వాళ్లు చూస్తే చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. దీనికంటే చాలా ముందున్నది రక్తపరీక్ష. దానికి కూడా అమెరికా 2025 మేలో అనుమతి ఇచ్చింది లక్షణాలు ఉన్న 55 ఏళ్లు దాటినవారికే, ఆరోగ్యంగా ఉన్న అందరికీ కాదు.

నా అసలు బెంగ మన నోళ్ల గురించి. మా అమ్మకు అడ్డపొగ అలవాటు. ఉత్తరాంధ్ర తీరంలో ఆ వయసు ఆడవాళ్లు చాలామంది చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని పీల్చేవారు. కొందరికి కిళ్లీ, చాలామందికి చిగుళ్ల వాపు, షుగరుతో నోరెండిపోవడం. బీపీ మాత్రలు, నిద్రమాత్రలతో ఉమ్మి ఊరడం తగ్గినవాళ్లూ ఉన్నారు. ఇవన్నీ ఉమ్మిని మార్చేవే. పళ్లు శుభ్రంగా ఉన్న యూరప్ వృద్ధుల మీద కట్టిన లెక్క మా అమ్మలాంటివాళ్లకు సరిపోతుందని ఎలా నమ్మాలి?

మన దగ్గర చేయగలవాళ్లు లేరా? హైదరాబాద్ నిమ్స్‌లో 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి, రెండు భాషలు మాట్లాడేవారిలో జబ్బు దాదాపు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని 2013లో ప్రపంచానికి చెప్పింది మన డాక్టర్లే. చదువు రానివాళ్లలోనూ ఆ తేడా చూపించారు. ఉమ్మి పరీక్షనూ అలాగే మన పల్లెల్లో, చుట్ట తాగేవాళ్లతో, షుగరు ఉన్నవాళ్లతో కలిపి పరిశీలించమని రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ డబ్బు ఇవ్వాలి.

అది తేలేదాకా ఈ పరీక్షను హెల్త్ చెకప్ ప్యాకేజీల్లో పెట్టి అమ్మనివ్వకూడదు. తప్పుగా 'ఉంది' అని వచ్చిన కాగితం యాభై ఏళ్ల మనిషికి నిద్ర లేకుండా చేస్తుంది. పొలం తగాదా ఉన్న ఇంట్లో అయితే 'నాన్నకు మతి లేదు' అని చూపించడానికి ఆ కాగితమే పనికొస్తుంది. ఇది ఊహ అని కొట్టేయకండి, ముసలివాళ్ల వేలిముద్రల కోసం ఎంత గొడవ జరుగుతుందో పల్లెలో ఉన్నవాళ్లకు తెలుసు.

మన దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం, అంటే దాదాపు 88 లక్షల మంది డిమెన్షియాతో ఉన్నారని అంచనా. వాళ్లకోసం ఇప్పుడే చేయగలిగినది ఒకటుంది. ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తెచ్చే ఫారంలో 60 దాటినవారిని 'దగ్గరివాళ్ల పేర్లు గానీ, ఇంటి అడ్రస్ గానీ మరిచిపోతున్నారా' అని అడిగే ప్రశ్న ఇప్పటికే ఉంది. దానికి 'అవును' అని వస్తే పీహెచ్‌సీలోనే థైరాయిడ్, బి12 చూడాలి. ఏరియా ఆసుపత్రిలో వారానికి ఒక్కరోజైనా జ్ఞాపకశక్తిని తెలుగులో, చదువు రానివాళ్లకు కూడా సరిపోయే ప్రశ్నలతో పరీక్షించే డాక్టరు ఉండాలి. రేపు ఉమ్మి పరీక్ష వచ్చినా, ఫలితం పట్టుకుని మనిషి వెళ్లాల్సింది అక్కడికే కదా. జిల్లా వైద్యాధికారులు ముందు ఆ ఒక్కరోజు ఏదో ప్రకటించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయిని,
శ్రీకాకుళం జిల్లా