మీ క్రేన్లు ఎందుకు ఆలస్యమవుతున్నాయంటే

అందరికీ నమస్కారం. ఈ నెలాఖరుకి ఇస్తానన్న 10 టన్నుల ఈవోటీ క్రేన్లు (షెడ్డు పైన పట్టాల మీద కరెంటుతో నడిచేవి) రెండూ ఇంకో 5 వారాలు ఆలస్యమవుతాయి. స్టీలు దొరక్క కాదు, మనుషులు లేకా కాదు. తప్పు నాది. ఫోన్లో ఒక్కొక్కరికీ ఒక్కో ముక్క చెప్పడం ఇష్టం లేక ఇలా రాస్తున్నాను.

ఆర్డర్లు మీద పడేసరికి గర్డర్లను, అంటే క్రేన్ బరువు మోసే అడ్డ దూలాలను, బయట షాపుకి జాబ్‌వర్కుకి ఇచ్చాను. ఆ సంగతి మీకు చెప్పలేదు. అవి రెడ్ ఆక్సైడ్ కొట్టుకుని నున్నగా వచ్చాయి. వెల్డు లోపలి లోపాలని శబ్ద తరంగాలతో పట్టే అల్ట్రాసోనిక్ టెస్టు కోసం పెయింటు గీకుతుంటే, కింది ఫ్లాంజ్ (గర్డర్ అడుగు పలక) అతుకు దగ్గర మా ఫిట్టర్ ఉలి కసుక్కున దిగింది. ఎండిన పుట్టీ పెచ్చులా ఊడి వచ్చింది. దాని కింద వెల్డులో చిటికెన వేలి గోరంత గుంత! లోడు ఎత్తినప్పుడు లాగుడంతా పడేది ఆ కింది ఫ్లాంజ్ మీదే. ఆ అతుకు విడిపోతే బరువుని ఆపేదేమీ ఉండదు.

ఆ పుట్టీ చూడగానే నాకు స్కాట్లండ్‌లోని టే వంతెన గుర్తొచ్చింది. 1879 డిసెంబరు 28 రాత్రి గాలివానకి, మీద వెళ్తున్న రైలుతో సహా కూలిపోయింది. సుమారు 75 మంది పోయారు. పోత ఇనుప స్తంభాల్లో పడ్డ బొక్కలని తేనెమైనం, ఇనుపరజను, గుగ్గిలం, మసి కలిపిన ముద్దతో పూడ్చి పైన నున్నగా రుద్దేవాళ్లని విచారణలో బయటపడింది. కూలడానికి అదొక్కటే కారణం కాదు. గాలి ఒత్తిడికి లెక్కే వేయలేదు. స్తంభాలను ఒకదానితో ఒకటి బిగించే పోత చెవులేమో, పరీక్షలో అనుకున్న లోడులో మూడో వంతుకే విరిగాయి. కానీ ఆ మైనం ముద్ద మాత్రం నన్ను వదలదు. చేసినవాడికి తెలుసు, మీద రైలెక్కినవాళ్లకి తెలియదు.

దాని పక్కనే కొత్త వంతెన కట్టింది విలియం ఆరోల్ కంపెనీ. మా నాన్న కొలిమి గోడకి స్కాట్లండ్‌లోదే మరో రైలు వంతెన, ఫోర్త్ వంతెన బొమ్మ ఉండేది, పొగకి పసుపెక్కి. దాన్ని కట్టింది కూడా ఒక కమ్మరే అని ఆయన గర్వంగా చెప్పేవాడు. నిజమే. ఆరోల్ 9 ఏళ్లకి నూలు మిల్లులో పనికి చేరాడు, తర్వాత కమ్మరం నేర్చాడు, రాత్రి బడిలో యంత్రాల చదువు చదివాడు. 1872 నాటికి గ్లాస్గో తూర్పున డాల్మార్నాక్‌లో సొంత కార్ఖానా పెట్టాడు. టే కొత్త వంతెన 1887లో, ఫోర్త్ వంతెన 1890లో తెరుచుకున్నాయి. లండన్ టవర్ బ్రిడ్జి ఉక్కు పని కూడా వాళ్లదే. పాత టే వంతెనలో పడకుండా మిగిలిన గర్డర్లలో పనికొచ్చేవాటిని కొత్తదానికి మార్చారు, స్తంభాల జోలికి మాత్రం పోలేదు. వాటి మోళ్లు ఇప్పటికీ పక్కనే నీళ్లలో కనిపిస్తాయి.

నాకు ఎక్కువ నచ్చేది ఫోర్త్ పని తీరు. 12 అడుగుల వ్యాసమున్న గొట్టాల ప్లేట్లను ముందు యార్డులోనే కలిపి నిలబెట్టి, పొరలన్నిటికీ ఒకేసారి బెజ్జం వేసి, మళ్లీ విప్పి, గుర్తులు రాసి పైకి పంపేవాళ్లు. అందుకే రివెట్టు తిన్నగా కూర్చునేది. అలాంటివి 65 లక్షలు. వాటిని నొక్కి బిగించడానికి ఆరోల్ హైడ్రాలిక్ యంత్రాలే తయారుచేశాడు. మేము ఈరోజుకీ స్ప్లైస్ ప్లేట్లని (రెండు ముక్కల్ని కలిపే అతుకు పలకలని) అలాగే కలిపి పట్టి డ్రిల్ చేస్తాం. అంత జాగ్రత్తలోనూ ఆ కట్టుబడిలో 73 మంది చనిపోయారు, అదీ మరిచిపోకూడదు.

తర్వాత అదే కంపెనీ క్రేన్లూ చేసింది. 1907లో క్లైడ్‌బ్యాంక్ ఓడల యార్డులో నిలబెట్టిన 150 టన్నుల టైటాన్ క్రేన్ ఇప్పటికీ నిలబడే ఉంది. టైటానిక్ తయారైన బెల్‌ఫాస్ట్ గ్యాంట్రీ కూడా వాళ్లదే. 1969లో కంపెనీ వేరేవాళ్ల చేతికి పోయింది, 1986లో డాల్మార్నాక్ మూతపడింది.

మన విషయానికొస్తే, ఆ రెండు గర్డర్లనీ వెనక్కి పంపేశాను. కొత్తవి మా షాపులోనే చేస్తున్నాం. కింది ఫ్లాంజ్ అతుకులన్నిటికీ పెయింటుకి ముందే అల్ట్రాసోనిక్ జరుగుతుంది, రిపోర్టు మీకు ఇస్తాను. 12.5 టన్నులతో లోడ్ టెస్టు చేసే రోజు మీరు లేదా మీ ఇంజినీరు వచ్చి దగ్గరుండి చూడండి. ఇకమీద ఏ భాగం బయటికి ఇవ్వాల్సి వచ్చినా ముందు మిమ్మల్ని అడుగుతాను. ఆలస్యం వద్దనుకుంటే అడ్వాన్సు మొత్తం తిరిగి ఇచ్చేస్తాను.

ఇంతకుముందు అదే షాపులో చేయించింది ఒక్క జిబ్ క్రేన్ బూమ్ (బరువుని వేలాడదీసే క్రేన్ చెయ్యి). ఆ కస్టమర్‌కి మొన్న రాత్రే ఫోన్ చేసి వాడకం ఆపించాను. రేపు పొద్దున టెస్టింగ్ మనిషితో పాటు నేనూ అక్కడికి వెళ్తున్నాను.